దుబాయ్ ఎండకు అమీర్‌పేటలో రిహార్సల్

సెలవులకు అమ్మాయి దగ్గరికో, అన్నయ్య దగ్గరికో దుబాయ్ వెళుతున్నారా? మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడ పగటి ఎండ 40 డిగ్రీలకు అటూఇటూ. పైగా సముద్రపు ఉక్కపోత!

ప్రయాణానికి రెండ్రోజుల ముందు అమీర్‌పేటలో కొత్త క్రీములు కొని, మూతైనా తీయకుండా సూట్‌కేసులో సర్దేస్తాం. తప్పంతా అక్కడే. పడకపోతే దద్దుర్లు పరాయి దేశంలో బయటపడతాయి. పదిరోజుల ముందే కొని, మోచేతి మడతలో రోజూ రెండుసార్లు రాసి చూడండి. దురద రాలేదా? ఓ మధ్యాహ్నం మేకప్ మొత్తం వేసుకుని అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడవండి. మెట్రోలో ఒక్క స్టేషనే, కానీ ఎక్కకండి! చేరాక అద్దం చూసుకోండి. కారిన కాటుకనూ, చారలు కట్టిన ఫౌండేషన్‌నూ ఇంట్లోనే వదిలేయండి.

సన్‌స్క్రీన్ మాత్రం తప్పనిసరి. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, గడప దాటే పావుగంట ముందు, ఆపై రెండు గంటలకోసారి రాయాలి. స్టిక్కర్ బొట్టు జిగురు కొందరికి పడదు, నుదుట తెల్లమచ్చ మిగులుతుంది. రాత్రి తీసేయండి.

విమానంలో గాలి పొడిగా ఉంటుంది, మాయిశ్చరైజర్ చేతిసంచిలో ఉంచుకోండి. సీసా 100 మిల్లీలీటర్లు మించితే తనిఖీలో తీసేసుకుంటారు. పెద్దది సూట్‌కేసులోనే.