లేసు అల్లే చేతికి మరో విద్య ట్యునీషియన్ క్రోషియా

నరసాపురం: సన్నని దారం, చిన్న సూదితో గంటల తరబడి అల్లిక పని చేయడం పశ్చిమగోదావరి తీర ప్రాంత మహిళలకు కొత్త కాదు. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు పరిసర గ్రామాల్లోను, గోదావరి ఆవలి ఒడ్డున కోనసీమలోని సఖినేటిపల్లి, రాజోలు ప్రాంతాల్లోను ఇంటి అరుగుల మీద లేసు పని తరతరాలుగా సాగుతోంది. ఆ లేసుకు ఆధారమైన క్రోషియా విద్యలోనే ట్యునీషియన్ క్రోషియా అనే మరో పద్ధతి ఉంది. దీనితో తయారయ్యేది జాలీ కాదు, నేత గుడ్డను తలపించే గట్టి అల్లిక. ఫోన్ సంచి, చిల్లర పర్సు, జుట్టు పట్టీ, భుజాన వేలాడే సంచికి పట్టీ వంటి చిన్న వస్తువులకు ఇది చక్కగా అమరుతుంది. లేసు అల్లడం తెలిసినవారు ఒకటి రెండు రోజుల సాధనతో దీని మూల కుట్టును పట్టుకోగలరు. అసలు తెలియనివారు కూడా దీనితోనే మొదలుపెట్టవచ్చు.

చిన్న వస్తువులపై దృష్టి పెట్టడానికి ఒక కారణం ఉంది. లేసు వ్యాపారంలో పని ముక్కలుగా విడిపోయి ఉంటుంది. ఒక ఇంట పువ్వులు అల్లితే, వాటిని కలిపే అతుకు పని మరో ఇంట జరుగుతుంది. దారం ఇచ్చేదీ, సరకు పట్టుకెళ్లేదీ ఏజెంటు. దుప్పటి లేదా బల్లగుడ్డ దూర దేశంలో ఎంతకు అమ్ముడైందో పువ్వు అల్లిన మహిళకు తెలిసే అవకాశం తక్కువ. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ నరసాపురం లేసు కార్మికులపై 1982లో వెలువరించిన పుస్తకంలో ఈ సంగతినే వివరంగా చర్చించారు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు పని చేస్తున్నా వీరిని కార్మికులుగా కాక, తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగా చూస్తున్నారని ఆమె ఎత్తిచూపారు. అరచేతిలో ఇమిడే పర్సు విషయం వేరు. మొదటి గొలుసు నుంచి చివరి గుండీ వరకు ఒకే మనిషి చేతి మీద పూర్తవుతుంది. అతుకు పనికి మరొకరి వద్దకు పోనక్కర లేదు.

పేరు ట్యునీషియా.. ప్రచారం ఐరోపా

పేరును బట్టి ఇది ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీషియా దేశపు విద్య అనిపిస్తుంది. అయితే అక్కడ పుట్టిందనడానికి రూఢి అయిన ఆధారం లేదు. 19వ శతాబ్దంలో ఐరోపాలో వెలువడిన కుట్టుపని పుస్తకాల ద్వారా ఇది ప్రచారంలోకి వచ్చింది. అప్పట్లో ట్రికో అని, తరువాత కొన్ని దేశాల్లో అఫ్ఘాన్ అల్లిక అని కూడా పిలిచారు. నరసాపురానికి లేసు విద్య క్రైస్తవ మిషనరీల ద్వారా చేరింది కూడా ఆ శతాబ్దంలోనే కావడం విశేషం.

సాధారణ క్రోషియాలో ఒక కుట్టు పూర్తి చేసిన తరువాతే రెండో కుట్టు మొదలవుతుంది. సూది మీద ఒకేసారి కొద్ది లూపులు మాత్రమే నిలుస్తాయి. ట్యునీషియన్ పద్ధతిలో వరుసలోని లూపులన్నింటినీ ముందు సూది మీదకు ఎక్కించి, ఆ తరువాత ఒక్కొక్కటిగా దించుతారు. రెండు సూదులతో స్వెట్టరు అల్లేవారు లూపులను సూది మీద నిలుపుతారు కదా, ఆ లక్షణం, క్రోషియాలోని కొక్కెం రెండూ ఇందులో కలిశాయి. మరో తేడా కూడా ఉంది. వరుస పూర్తయినప్పుడల్లా పనిని తిప్పే అవసరం ఇందులో రాదు. అల్లిక ముఖభాగం మొదటి నుంచి చివరి వరకు అల్లేవారి వైపే ఉంటుంది.

సూది కొనే ముందు

ఈ పనికి ప్రత్యేకంగా పొడవాటి సూదులు దొరుకుతాయి. ఒక కొసన కొక్కెం, రెండో కొసన లూపులు జారిపోకుండా చిన్న గుండు ఉంటాయి. శాలువా, దుప్పటి వంటి వెడల్పాటి పనులకు అవి తప్పనిసరి. చిన్న వస్తువులకు మాత్రం తొలిరోజే వాటిని కొనవలసిన పని లేదు. పదిహేను, ఇరవై లూపుల పట్టీని మామూలు క్రోషియా సూది మీదనే అల్లవచ్చు. అయితే సూది కాడ ఆసాంతం ఒకే మందంలో, నున్నగా ఉండాలి. మధ్యలో బొటనవేలు ఆనించడానికి చదునుగా నొక్కిన సూదులు, ప్లాస్టిక్ పిడి ఉన్న సూదులు పనికిరావు. ఆ చోట లూపుల కొలత మారిపోతుంది. వెనుక కొసకు ఒక రబ్బరు బ్యాండు నాలుగు చుట్లు చుడితే గుండు లేని లోటు తీరుతుంది.

లేసు సూది చాలా సన్నం. అది ఇక్కడ ఉపయోగపడదు. మధ్య రకం మందమున్న నూలు దారానికి 5 లేదా 5.5 మిల్లీమీటర్ల సూది తీసుకోవడం మేలు. దారం చుట్టపై సూచించిన కొలత కన్నా ఒకటి రెండు సైజులు పెద్దది వాడాలన్నది ఈ పద్ధతిలో సాధారణ నియమం. ఇంట్లో లేసు దారం మిగిలి ఉంటే నాలుగు నుంచి ఆరు పోగులు కలిపి 3.5 లేదా 4 మిల్లీమీటర్ల సూదితో ప్రయత్నించవచ్చు. కొక్కెం ప్రతిసారీ అన్ని పోగులనూ పట్టుకుందో లేదో చూసుకోవాలి. ఒక్క పోగు తప్పినా అల్లిక మీద తేలి కనిపిస్తుంది. నేర్చుకునే రోజుల్లో ముదురు రంగులు, నలుపు వద్దు. లేత రంగు దారంలో కుట్టు స్పష్టంగా తెలుస్తుంది. ఉన్ని కన్నా నూలే కోస్తా ఉక్కకు తగినది. ఉతుకులకూ ఆగుతుంది.

చాలామంది లేసు సూదిని కలంలా పట్టుకుంటారు. లూపులతో నిండిన సూదిని అలా పట్టుకుంటే మణికట్టు త్వరగా అలసిపోతుంది. కూరగాయలు తరిగే కత్తి మాదిరిగా పైనుంచి పట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. లేసు చేయి తిరిగినవారికి మొదటి రోజు ఇబ్బంది పెట్టేది బహుశా ఇదొక్కటే.

వెళ్లే వరుస, వచ్చే వరుస

మొదట 16 గొలుసు కుట్లు వదులుగా అల్లాలి. సూది మీద ఉన్న లూపునే మొదటి కుట్టుగా లెక్కించాలి. కొక్కేనికి ఆనుకుని ఉన్న గొలుసును వదిలి, రెండో గొలుసులో కొక్కెం గుచ్చి, దారం చుట్టి, లూపును పైకి లాగి సూది మీదనే ఉంచాలి. ఇలా ప్రతి గొలుసు నుంచి ఒక లూపు తీసుకుంటూ పోతే చివరకు సూది మీద 16 లూపులు నిలుస్తాయి. ఇది వెళ్లే వరుస. కుడిచేతి వాటం వారికి కుడి నుంచి ఎడమకు సాగుతుంది.

ఇప్పుడు పనిని తిప్పకుండా వెనక్కి రావాలి. దారం ఒకసారి చుట్టి, ఒకే ఒక్క లూపులో నుంచి లాగాలి. ఆ తరువాత మళ్లీ దారం చుట్టి రెండు లూపుల్లో నుంచి లాగాలి. ఇలా రెండేసి దించుకుంటూ సూది మీద ఒక్క లూపు మిగిలే వరకు రావాలి. ఇది వచ్చే వరుస. రెండూ కలిస్తేనే ఒక పూర్తి వరుస అయినట్లు.

అప్పటికి అల్లిక మీద నిలువు పోగులు కంచె కర్రల్లా వరుసగా కనిపిస్తాయి. తరువాతి వరుసకు ఆధారం ఇవే. మొదటి నిలువు పోగును వదిలిపెట్టాలి. రెండో పోగు వెనుకగా కొక్కేన్ని కుడి నుంచి ఎడమకు దూర్చి, దారం చుట్టి, లూపు తీయాలి. చివరి కుట్టు దగ్గర మాత్రం ఒక్క నిలువు పోగుతో సరిపెట్టక, అంచున కలిసి ఉన్న రెండు పోగుల కిందుగా కొక్కెం పోనివ్వాలి. అప్పుడే అంచు గట్టిగా, నిటారుగా నిలుస్తుంది. మళ్లీ 16 లూపులు వచ్చాయా అని లెక్కపెట్టుకుని, ముందు చెప్పినట్లే వెనక్కి రావాలి. ఇదే ట్యునీషియన్ సాదా కుట్టు. ఎంత పొడవు కావాలంటే అంత వరకు ఇదే పునరావృతమవుతుంది. ముగించేటప్పుడు ప్రతి నిలువు పోగులో కొక్కెం గుచ్చి దారం చుట్టి, పోగులో నుంచి, సూది మీది లూపులో నుంచి ఒకేసారి లాగుతూ పోతే పై అంచు గొలుసులా మూసుకుంటుంది.

పట్టీ పోను పోను సన్నబడుతున్నదంటే కారణం దాదాపు ఎప్పుడూ రెండింటిలో ఒకటి. చివరి కుట్టును మరచిపోవడం ఒకటి, వచ్చే వరుస ఆరంభంలో ఒక లూపులో నుంచి లాగవలసింది రెండింటిలో నుంచి లాగడం మరొకటి. వెళ్లే వరుస ముగిసిన ప్రతిసారీ లూపులు లెక్కించుకుంటే రెండూ వెంటనే దొరికిపోతాయి. పది వరుసలు అల్లాక విప్పడం కన్నా ఆ లెక్క తేలిక.

అంచులు చుట్టుకుపోతే

కొత్తవారిని నిరుత్సాహపరిచేది మరొకటి ఉంది. అల్లిక కింది అంచు తాటాకులా చుట్టుకుపోతుంది. ఇది చేతి దోషం కాదు, ఈ కుట్టు స్వభావమే అంత. ముఖభాగం కన్నా వెనుక భాగంలో దారం దట్టంగా చేరడం వల్ల అలా జరుగుతుంది. పెద్ద సూది వాడి, చేతిని వదులుగా ఉంచితే చాలావరకు తగ్గుతుంది. తొలి గొలుసును తిప్పి చూస్తే వెనుక చిన్న చిన్న ఉబ్బులు కనిపిస్తాయి. మొదటి వరుస లూపులను ఆ ఉబ్బుల్లో నుంచి తీసినా ఫలితం ఉంటుంది. పని పూర్తయ్యాక నీటిలో తడిపి, మెల్లగా పిండి, మడతపెట్టిన దుప్పటి మీద కావలసిన కొలతకు పరచి, చుట్టూ గుండుసూదులు గుచ్చి నీడన ఆరనివ్వాలి. నూలు అల్లిక దీంతో చదునుగా కూర్చుంటుంది. ఆక్రిలిక్ దారమైతే వేడి ఇస్త్రీ పెట్టె తాకించరాదు. మెరుపెక్కి, సాగి పాడవుతుంది.

సాదా కుట్టు పట్టుబడ్డాక స్వెట్టరు అల్లికలా కనిపించే కుట్టు, ముఖభాగం మీద చిన్న బుడిపెలు తేలే కుట్టు నేర్చుకోవచ్చు. మొదటి దానికి కొక్కెం పోగు వెనుకగా కాక, కుట్టు మధ్యలో నుంచి వెనక్కి గుచ్చుతారు. చూడముచ్చటగా ఉంటుంది గాని మరింత మందంగా వస్తుంది, మరింతగా చుట్టుకుంటుంది. రెండో దానికి దారాన్ని ముందుకు తెచ్చి లూపు తీస్తారు. అంచుల వద్ద రెండు మూడు వరుసలు ఇది వేస్తే చుట్టుకుపోవడం కొంత అదుపులోకి వస్తుంది.

పలక నుంచి ఫోన్ సంచి వరకు

తొలి వస్తువుగా టీ కప్పు కింద పెట్టే పలక మంచిది. 16 లూపులతో సుమారు 4 అంగుళాల వెడల్పు వస్తుంది. పొడవు కూడా అంతే అయ్యే వరకు అల్లి ముగించాలి. చుట్టూ మామూలు క్రోషియాతో ఒక వరుస వేస్తే అంచు కుదురుకుంటుంది. లేసు తెలిసినవారు ఆ వరుస మీద సన్నని దారంతో లేసు అంచు కూడా జోడించవచ్చు. గట్టి పలకకు జాలీ అంచు తోడైతే వచ్చే అందం ఈ ప్రాంతపు చేతికే సాధ్యమని చెప్పాలి. బజారులో దొరికే యంత్రపు సరకులో అది కనిపించదు.

తరువాతి మెట్టు ఫోన్ సంచి. దీనికి కావలసింది ఒకే పొడవాటి పట్టీ. ఫోను పొడవు ఆరున్నర అంగుళాలు, వెడల్పు మూడంగుళాలు అనుకుంటే, అంగుళానికి నాలుగు కుట్లు వచ్చే చేతికి 15 లూపులు సరిపోతాయి. పట్టీని 16 అంగుళాల వరకు అల్లి, ఆరున్నర, ఏడు అంగుళాల దగ్గర పైకి మడిచి రెండు పక్కలా కుట్టాలి. మిగిలిన రెండు, మూడు అంగుళాలు మూతగా ముందుకు వాలుతుంది. మూత కొసన గొలుసుతో చిన్న ఉచ్చు, సంచి ముందు భాగాన గుండీ కుడితే పని పూర్తయినట్లే. ఇదే పట్టీని పొట్టిగా అల్లి, లోపల పాత చీర అంచు అస్తరుగా వేస్తే చిల్లర పర్సు అవుతుంది. అస్తరు లేకపోతే నాణేలు కుట్ల సందుల్లో ఇరుక్కుని అల్లిక సాగుతుంది.

జుట్టు పట్టీకి ఎనిమిది లూపులు చాలు. నూలు అంతగా సాగదు కనుక తల చుట్టుకొలత కన్నా మూడు అంగుళాలు తక్కువగా అల్లి, వెనుక ఎలాస్టిక్ ముక్క కలపాలి. సంచి పట్టీలకు ఐదారు లూపుల సన్నని అల్లిక చేయవచ్చు. మామూలు క్రోషియా పట్టీ బరువుకు సాగి వేలాడుతుంది. ఇది గట్టి కుట్టు కావడం వల్ల అంతగా సాగదు.

ధర కట్టే పద్ధతి

అమ్మే ఉద్దేశం ఉన్నవారు మొదటి మూడు వస్తువులను అమ్మకానికి కాక, లెక్కకు ఉపయోగించుకోవడం మంచిది. పని మొదలుపెట్టిన సమయం, ఆపిన సమయం కాగితం మీద రాయాలి. దారాన్ని ముందు, తరువాత చిన్న త్రాసులో తూచాలి. ఉదాహరణకు ఫోన్ సంచికి నాలుగు గంటలు పట్టిందనుకుందాం. గంటకు 50 రూపాయలు కావాలనుకుంటే కూలి 200 అవుతుంది. దారం, గుండీ 40 రూపాయలైతే 240 కన్నా తక్కువకు ఇవ్వడమంటే కూలిని వదులుకోవడమే. దుకాణదారు 150కి అడిగితే బేరం గిట్టదు. అప్పుడు గంటలో పూర్తయ్యే పలకలు, పట్టీల వైపు మళ్లడం తెలివైన పని. లేసు పనిలో గంటల లెక్క ఎవరూ రాయకపోవడం వల్లనే కూలి రేటును ఎదుటివారు నిర్ణయించే పరిస్థితి ఏర్పడింది.

మరో జాగ్రత్త కూడా అవసరం. నరసాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు లేసుకే గాని ట్యునీషియన్ అల్లికకు వర్తించదు. అసలైన లేసుకైనా ఆ ముద్ర వాడుకోవాలంటే 1999 నాటి చట్టం ప్రకారం అధీకృత వినియోగదారుగా నమోదు కావలసి ఉంటుంది. కనుక పర్సు మీదో, సంచి మీదో ఆ ముద్ర వేసి అమ్మరాదు. నరసాపురంలో చేతితో అల్లినది అని చీటీ కట్టుకోవడానికి మాత్రం ఎటువంటి అడ్డంకీ లేదు. చేతివృత్తుల వారికి కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం పహచాన్ పేరిట గుర్తింపు కార్డులు ఇస్తోంది. ఆ కార్యాలయం నిర్వహించే మేళాల్లో స్టాలు కోరేవారికి ఆ కార్డు ఉపకరిస్తుంది. లేసు పనిలో ఉంటూ ఇప్పటివరకు నమోదు కానివారు ముందుగా ఆ పని చూసుకోవడం మంచిది.