కొండకీ కడలికీ మధ్య కోటవురట్ల

డిసెంబరు వచ్చిందంటే శనివారం రాత్రుళ్ళు నర్సీపట్నం చేరే దారులన్నిటికీ నిద్ర కరువు. అడ్డరోడ్డు దగ్గర హైవే దిగిన కార్లు కోటవురట్ల మీదుగా ఆగకుండా దూసుకుపోతాయి. తెల్లారేలోపు లంబసింగి మంచులో నిలబడి ఫొటో దిగాలి. పదికల్లా ఎండ, పదకొండుకల్లా తిరుగుముఖం. ఆదివారం రాత్రికి ఇంట్లో ఉంటారు. చూసిందేమిటని అడిగితే ‘పొగమంచు’ అంటారు, అదీ ముందు కారు వెనక లైట్ల వెలుగులో.

సెలవులకు ఎక్కడికెళ్ళాలో ఎంచుకోవడం అంటే జాబితా రాయడమనే అలవాటు మనది. రెండు రోజులకు ఏడు చోట్లు రాసుకున్న కుటుంబం అందులో ఐదింటిని కారు అద్దంలోంచే చూస్తుంది. జాబితా బదులు ఒక దారిని ఎంచుకుంటే లెక్క మారుతుంది. కోటవురట్ల దారినే తీసుకోండి. పైకి వెళ్తే మన్యం, కిందికి దిగితే సముద్రం. వరాహ నది కూడా ఇంచుమించు ఇదే వాలున నర్సీపట్నం వైపు నుంచి వచ్చి, ఏటికొప్పాకను ఒరుసుకుంటూ, రాంబిల్లి వైపు సాగి కడలిలో కలుస్తుంది. సంస్కృతి, తిండి, ప్రకృతి మూడూ ఈ ఒక్క వాలులోనే దొరుకుతాయి.

ముందు కిందికి, ఏటికొప్పాకకు. పిల్లలు ఆడుకునే లక్కపిడతల ఊరు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఊరేగినవీ ఇవే. దుకాణంలో బేరమాడి కొనుక్కుని వచ్చేస్తే మాత్రం అసలు సంగతి చూడనట్టే. తరిణి దగ్గర కాసేపు కూర్చోవాలి. గిరగిరా తిరిగే అంకుడు చెక్కకు ఉలి తగలగానే తెల్లటి పొట్టు రింగులు రింగులుగా ఊడిపడుతుంది. ఆకారం తేలాక, రంగు కలిపిన లక్క కడ్డీని ఆ తిరిగే చెక్కకే అదిమి పడతారు. నిప్పు లేదు, కుంచె లేదు. రాపిడి వేడికే లక్క కరిగి చెక్కను పట్టేస్తుంది. ఆపైన మొగలి ఆకు ముక్కతో ఒత్తితే రంగు సమంగా పరుచుకుని నిగనిగలాడుతుంది. చెక్క గరిట మీద ఎర్ర చార ఒకటి పుట్టడం కళ్ళారా చూసిన పిల్లాడికి ఆ గరిట ఇక మామూలు గరిట కాదు.

ఆ రంగులకూ ఒక కథ ఉంది. మధ్యలో రసాయన రంగులు వచ్చిపడ్డాయి. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల నుంచి రంగులు తీసే పద్ధతిని మళ్ళీ తెచ్చి నిలబెట్టినవారిలో ఈ ఊరి సి.వి.రాజు ముఖ్యులు. 2023లో ఆయనకు పద్మశ్రీ దక్కింది. పసిపిల్లలు బొమ్మను ముందు నోట్లోనే పెట్టుకుంటారు కాబట్టి ఈ రంగుల తేడా కళాచర్చ కాదు, ఇంటి సంగతి. ఇప్పుడు పనివాళ్ళను బాధపెడుతున్నది అంకుడు కర్ర కొరత.

ఏటికొప్పాక చూసినవాళ్ళు ఎస్.రాయవరం కూడా వెళ్ళాలి. గురజాడ అప్పారావు పుట్టిన ఊరు అది. ‘కన్యాశుల్కం’ చదివినవాళ్ళు అక్కడ ఊరికే నడిచి వచ్చినా చాలు.

ఇక పైకి. నర్సీపట్నం పక్కనే బలిఘట్టంలో వరాహ ఒడ్డున శివాలయం. అక్కడ నది ఉత్తరానికి తిరుగుతుంది, బలి చక్రవర్తి యజ్ఞం చేసిన చోటని స్థలపురాణం. డౌనూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. ఈ ఘాట్ మీద వెళ్ళే వందమందిలో తొంభైమందికి తెలియని విషయం ఒకటుంది. వందేళ్ళ కిందట నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించడానికి మన్యం జనంతో గొడ్డుచాకిరీ చేయించారు. కూలి సరిగా ఇవ్వలేదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆగడాల మీద రగిలిన ఆ కోపం, పోడు మీద ఆంక్షలతో కలిసి, అల్లూరి సీతారామరాజు వెనక జనాన్ని నిలబెట్టింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్ల తుపాకులు పోయాయి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర కాల్చి చంపిన రాజు సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. మంచు ఎక్కడైనా దొరుకుతుంది, ఊటీలోనూ దొరుకుతుంది. ఈ రోడ్డు ఇక్కడే ఉంది.

అలాగని మంచును తీసిపారేయక్కర్లేదు. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున్న లంబసింగిని స్థానికులు కొర్రబయలు అంటారు. రాత్రి ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడట, అందుకే ఆ పేరని చెప్పుకుంటారు. తెల్లవారుజామున చెరువులవేనం ఎక్కితే మబ్బులు కాళ్ళ కింద ఉంటాయి. శనివారం కాకుండా మంగళవారమో బుధవారమో వెళ్ళగలిగినవాడు అదృష్టవంతుడు.

తిండి దగ్గర తొందర పనికిరాదు. బొంగులో చికెన్‌కు కారం, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క పడదు. వెదురు చెమ్మలోనే మాంసం మగ్గుతుంది. కళ్ళెదుట కాల్చి ఇచ్చే చోటే ఆగాలి. ముందే కాల్చి వరసగా పేర్చిన బొంగులకు ఆ వాసన ఉండదు. చింతపల్లి వైపు ఇళ్ళ మధ్యే కాఫీ పళ్ళు ఎండబోసి కనిపిస్తాయి. దిగి వచ్చాక తీపి కావాలంటే రెండు దారులు. మాడుగుల హల్వా ఒకటి. గోధుమలు నానబెట్టి, పాలు తీసి, నేతిలో కలియబెట్టి చేసేది, నోట్లో వేసుకుంటే జారిపోతుంది. రెండోది అనకాపల్లి బెల్లం. చెరకు ఆడే రోజుల్లో ఊళ్ళ పక్క పెనాల మీద రసం మరుగుతుంటే దారంతా కమ్మగా ఉంటుంది. పొయ్యి దగ్గర నిలబడి అడిగితే వేడి పాకం కొంచెం చేతిలో పెట్టకపోరు.

కాబట్టి ఎంచుకోవాల్సింది ముందు నెల, ఆ తర్వాతే ఊరు. చలీ, చెరకూ కలిసి వచ్చేది సంక్రాంతి ముందూ వెనకా. జాతర కావాలనుకుంటే ఉగాది ముందరి కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాలమ్మ దగ్గరికి రావాలి, అప్పటికి లంబసింగి చలి పోయి ఉంటుంది.

రైల్లో వచ్చేవాళ్ళకు ఒక హెచ్చరిక. నర్సీపట్నం రోడ్ అనే స్టేషన్‌లో దిగితే నర్సీపట్నంలో దిగినట్టు కాదు, ఊరికి ఇంకా పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది. అక్కడినుంచి బస్సో ఆటోనో పట్టాలి. పిల్లలతో వచ్చేవాళ్ళు లక్కపిడతల బుట్టలు రెండు కొనుక్కోవడం మంచిది. ఒకటి షోకేసులోకి, ఇంకొకటి ఇసకలో అన్నం వండడానికి.