రేకుల కింద కుక్కను కట్టేసి పోతున్నారా?

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ చుట్టుపక్కల మనవాళ్ల గదుల ముందు ఒక కుక్కో పిల్లో ఉండనే ఉంటుంది. పొద్దున షిఫ్టుకు పోతూ కుక్కను రేకుల కింద కట్టేసి పోతాం. మార్చి, ఏప్రిల్ నెలల్లో అదే దానికి గండం. మనలాగా దానికి ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పితేనే వేడి దిగేది. గిన్నె తన్నేసుకుందంటే సాయంత్రం దాకా చుక్క నీళ్లుండవు. బరువైన మట్టి తొట్టి పెట్టండి. మధ్యాహ్నం నీడ ఎటు తిరుగుతుందో చూసి కట్టండి. తూలుతూ చొంగ కారుస్తుంటే మామూలు నీళ్లతో తడిపి, గాలి తగలనిచ్చి, వెంటనే పశువుల డాక్టరుకు చూపించాలి.

ఇక వానలు. 2022 సెప్టెంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు మునిగింది గుర్తుందిగా? అలాంటి నీళ్లలో ఎలుకల మూత్రం కలుస్తుంది. దాంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ కుక్కకూ వస్తుంది, మనకూ వస్తుంది. తడిసొచ్చిన కుక్కను కడిగి, వేళ్ల సందులు తుడవండి. నీళ్లు ఇంట్లోకొస్తుంటే సామాన్లు సర్దేముందు గొలుసు విప్పండి. కట్టేసిన కుక్క ఈదలేదు.

చలికి ఒక పొడి గోనెసంచి చాలు. కానీ పిల్లికి జలుబు చేసిందని మన జ్వరం బిళ్ల వేయకండమ్మా, పారాసెటమాల్ పిల్లికి విషం.

రేబిస్‌కు మాత్రం కాలం లేదు. కుక్కకు మూడో నెలలో సూది మొదలుపెట్టించి, ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ వేయించాలి. కరిచినా గీరినా "మన కుక్కే కదా" అని పసుపు అద్ది ఊరుకోవద్దు. పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆస్పత్రికి పోండి, షిఫ్టు పోయినా సరే.