ఊరు చేరడానికా, పడవెక్కడానికా

మాది ద్రాక్షారామం అని చెప్తే హాస్టల్లో అందరూ భీమేశ్వరుడి గుడి గురించే అడుగుతారు. పడవల గురించి ఎవరూ అడగరు. స్కూటీ మీద కాసేపు వెళితే కోటిపల్లి రేవు వస్తుంది. అక్కడ గౌతమి దాటడానికి పంటు ఉంటుంది. బైకులు, ఆటోలు, కొబ్బరికాయల బస్తాలు, పెళ్ళివాళ్ళు అందరూ దానిమీదే ముక్తేశ్వరం వైపుకి వెళ్తారు. పంటు ఎక్కినవాడి ధ్యాసంతా అవతలి ఒడ్డు మీదే. పాపికొండల బోటెక్కినవాడు మాత్రం ఒడ్డు ఎప్పుడొస్తుందని అడగడు, ఇంకాసేపు ఉంటే బాగుండు అనుకుంటాడు. పొద్దున ఎక్కిన చోటికే సాయంత్రం తిరిగొచ్చి దిగుతాడు, దానికి డబ్బులు కూడా ఇస్తాడు! యూరప్‌లో ఏటా లక్షల మంది చేసేదీ ఇదే. దాన్ని క్రూయిజ్ అంటున్నారు.

మొదట్లో అక్కడ కూడా ఓడంటే పంటే, కాస్త పెద్ద పంటు. 1844లో పీ అండ్ ఓ కంపెనీ సౌతాంప్టన్ నుంచి మధ్యధరా సముద్రంలోకి ఉత్త సరదా ప్రయాణాలు మొదలుపెట్టింది. ప్రచారం కోసం థాకరే అనే నవలా రచయితకి ఉచితంగా టికెట్ ఇచ్చింది, ఆయన వెళ్ళొచ్చి పుస్తకం రాశాడు. ఇప్పటి ఇన్‌ఫ్లుయెన్సర్ల పద్ధతి అన్నమాట. అయినా ఆ తర్వాత వందేళ్ళకి పైగా ఓడల అసలు పని మనుషుల్ని చేరవేయడమే. మన బారిస్టర్ పార్వతీశం మొగల్తూరు నుంచి బయల్దేరి, కాలువలో నిడదవోలు దాకా వచ్చి, రైలెక్కి, చివరికి కొలంబోలో ఓడెక్కాడు కదా. ఆయనకి కావలసింది ఇంగ్లండు. ఓడలో పడిన పాట్లన్నీ మనకి నవ్వుకోవడానికి మిగిలాయి.

1958లో జెట్ విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలెట్టాయి. వారం పట్టే దూరానికి పూట చాలింది. చూస్తుండగానే పెద్ద పెద్ద ఓడలకి పని పోయింది. తుక్కుకి వేయడమా, ఇంకేదైనా చేయడమా అన్న ప్రశ్న వచ్చినప్పుడు కంపెనీలు ఓడనే ఊరుగా మార్చేశాయి. వేగం అక్కర్లేదు కాబట్టి ఇంధనం తగ్గించుకోవచ్చు. సామాన్లు ఒక్కసారి గదిలో పెట్టేస్తే చాలు, రాత్రి పడుకుని లేచేసరికి ఇంకో రేవు. విమానం తెచ్చిన దెబ్బని విమానమే కొంత పూడ్చింది కూడా. 1990లలో యూరప్‌లో విమానయానం మీద ఆంక్షలు సడలించాక చవక టికెట్లు వచ్చాయి. ఎక్కడో చలిదేశంలో ఉన్నవాళ్ళు కూడా బార్సిలోనా దాకా ఎగిరి వెళ్ళి అక్కడ ఓడెక్కడం మొదలెట్టారు.

లెక్కల్లో చెప్పాలంటే 2009లో యూరప్ నుంచి క్రూయిజ్‌కి వెళ్ళినవాళ్ళు సుమారు 50 లక్షలు. 2019కి అది 77 లక్షలు దాటింది. కోవిడ్‌లో ఓడలన్నీ రేవుల్లో కట్టేసి ఉన్నాయి, ఈ వ్యాపారం పని అయిపోయిందని చాలామంది అన్నారు. 2023కి 80 లక్షలు దాటేసింది. ఒకప్పుడు బ్రిటిష్ వాళ్ళదే పైచేయి, తర్వాత జర్మన్లు ముందుకొచ్చారు.

ఇందులో డబ్బు ఎలా వస్తుందో తెలిస్తే మన కామర్స్ ఫ్రెండ్స్‌కి కూడా నచ్చుతుంది. టికెట్ ధర చవగ్గా కనిపించేలా పెడతారు. ఎలాగైనా గదులు నిండాలి. ఖాళీ గదితో బయల్దేరినా అదే డీజిల్, అదే సరంగు, అదే వంటవాడు కదా. ఎక్కినవాడు వారం రోజులు బయటికి పోలేడు కాబట్టి మద్యం, వైఫై, ఫొటోలు, ఊరు చూపించే టూర్లు అన్నీ వాళ్ళ దగ్గరే కొంటాడు. తలా ఒకరి మీద ఖర్చు తగ్గాలంటే ఓడ పెరగాలి. అలా పెరుగుతూ పోయి 2024లో ఐకాన్ ఆఫ్ ద సీస్ అనే ఓడ వచ్చింది. నిండా ఎక్కిస్తే 7,600 మంది ప్రయాణికులు పడతారు. ఇది తిరిగేది అమెరికా వైపే అయినా కట్టింది మాత్రం ఫిన్లండ్‌లో. ప్రపంచంలో పెద్ద క్రూయిజ్ ఓడలు చాలామటుకు ఇటలీ, ఫ్రాన్స్, జర్మనీ, ఫిన్లండ్‌లలోనే తయారవుతాయి. జర్మనీలో పాపెన్‌బర్గ్ అనే ఊళ్ళో కట్టే ఓడల్ని ఎమ్స్ అనే చిన్న నది మీదుగా, వెనక భాగం ముందుగా, మెల్లగా సముద్రానికి నడిపిస్తారు. నీళ్ళు చాలకపోతే గేట్లు మూసి నది మట్టం పెంచుతారు. జనం గట్టు మీద నిలబడి రథోత్సవం చూసినట్టు చూస్తారు.

సరే, సముద్రం సంగతి అలా ఉంచితే, నాకు అసలు ఆసక్తి నది క్రూయిజ్‌ల మీద. ఎందుకంటే అది మనకి దగ్గర చుట్టం.

1992లో రైన్ నదినీ డాన్యూబ్ నదినీ కలుపుతూ కాలువ పూర్తయింది. ఉత్తర సముద్రం నుంచి నల్ల సముద్రం దాకా పడవ వెళ్ళే దారి పడింది. మధ్యలో సముద్రమట్టానికి 406 మీటర్ల ఎత్తు ఎక్కాలి, మళ్ళీ దిగాలి. లాకుల్లో నీళ్ళు నింపుతూ, వదులుతూ మెట్లెక్కినట్టు ఎక్కిస్తారు. ఆ లాకుల వెడల్పు 12 మీటర్లు. అందుకే అక్కడి నది క్రూయిజ్ ఓడలన్నీ ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి. వెడల్పు పదకొండున్నర మీటర్లు దాటదు, పొడవు 135 మీటర్లు మించదు. వంతెనలు తక్కువ ఎత్తులో ఉంటే సరంగు గది మొత్తాన్ని హైడ్రాలిక్స్‌తో కిందికి దించేస్తారు. ఎండలకి నది ఎండితే మధ్యలో ప్రయాణికుల్ని బస్సెక్కించి, అవతల లోతున్న చోట అలాంటిదే ఇంకో ఓడలో దింపుతారు. ఓడలన్నీ ఒకే కొలత కాబట్టి గది నంబరు కూడా మారదు. లాకు కొలత ఒక పరిశ్రమనే గీసి పెట్టింది.

లాకు అన్న మాట మన డెల్టావాళ్ళకి కొత్త కాదు. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొర కాలువల్ని సాగుకే కాదు, పడవలకీ వేశాడు. కాకినాడ నుంచి ఏలూరు మీదుగా మద్రాసు దాటి పోయే జలమార్గం ఉండేది. తెరచాప, గాలి లేకపోతే గట్టు మీద తాడు భుజాన వేసుకుని లాగే మనుషులు. మా తాతయ్య చిన్నప్పుడు ధాన్యం బస్తాలతో కాలువ పడవల్లో తిరిగారట. "లాకు దగ్గర గంట ఆగాలిరా, అక్కడే వండుకు తినేవాళ్ళం" అంటారు. రోడ్లు, లారీలు వచ్చాక అది పోయింది. 2008లో కేంద్రం ఈ కాలువల్నీ గోదావరి, కృష్ణల్నీ కలిపి నాలుగో జాతీయ జలమార్గం అని ప్రకటించింది. మా వైపు కాలువలో ఇప్పుడు కనిపించేది మాత్రం గుర్రపుడెక్క.

పడవ షికారు అంటే మనవాళ్ళకి ఇష్టం లేక కాదు. రాజమండ్రి నుంచి భద్రాచలం పడవ ప్రయాణం మీద బాపు 1973లో అందాల రాముడు తీశారు, 2006లో శేఖర్ కమ్ముల గోదావరి తీశారు. రెండు సినిమాలూ నిజానికి క్రూయిజ్ కథలే. పాపికొండల టూరుకి దాని తర్వాత ఎంత గిరాకీ వచ్చిందో మా జిల్లాలో ఎవర్ని అడిగినా చెప్తారు.

గిరాకీ పెరిగాక ఏం జరిగిందన్నది ఇబ్బందిగా ఉన్నా చెప్పుకోవాలి. 2019 మే 29 రాత్రి బుడాపెస్ట్‌లో, డాన్యూబ్ వర్షాలకి నిండుగా ఉన్నప్పుడు, ఒక పెద్ద నది క్రూయిజ్ ఓడ హబ్లెయాన్ అనే చిన్న షికారు పడవని వెనక నుంచి గుద్దింది. పడవలో 35 మంది ఉంటే ఏడుగురే బతికారు. అదే ఏడాది సెప్టెంబర్ 15న మన గోదావరి వరదలో ఉండగా కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. డెబ్బై మందికి పైగా ఎక్కితే 26 మంది బయటపడ్డారు. రెండొందల అడుగుల లోతు నుంచి బోటుని బయటికి తీయడానికి అక్టోబర్ 22 దాకా పట్టింది. తీసింది కాకినాడకి చెందిన ధర్మాడి సత్యం బృందం, ఎక్కువగా లంగర్లు, ఇనుప తాళ్ళతో. బుడాపెస్ట్ కేసులో కెప్టెన్‌కి 2023లో కోర్టు అయిదున్నరేళ్ళ శిక్ష వేసింది.

యూరప్‌వాళ్ళు మనకంటే మంచివాళ్ళనో తెలివైనవాళ్ళనో నేను అనడం లేదు. 2012 జనవరి 13న ఇటలీలో కోస్టా కాంకోర్డియా ఒడ్డుకి మరీ దగ్గరగా వెళ్ళి రాయికి కొట్టుకుంది. 4,200 మందిలో 32 మంది పోయారు. అప్పటి నిబంధన ప్రకారం ప్రమాద సాధన ఎక్కిన 24 గంటల్లోపు చేయిస్తే చాలు. ఆ సాయంత్రమే ఎక్కిన ఆరొందల మందికి పైగా జనానికి అది ఇంకా చేయించలేదు. 2015 నుంచి అంతర్జాతీయ నిబంధన మారింది. ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో ఆ సాధన అయిపోవాలి. వ్యాపారం పెరిగే కొద్దీ ఇలాంటి రూల్సు ఒక్కొక్కటీ శవాల మీద నుంచే వచ్చాయి, అక్కడైనా. కాకపోతే వచ్చినవి ఓడ బయల్దేరే టైముకి అతుక్కుని ఉండిపోయాయి.

మన దగ్గరా కచ్చులూరు తర్వాత బోట్లు ఆపేశారు, కంట్రోల్ రూములు పెట్టారు, 2021లో మళ్ళీ అనుమతులిచ్చారు. ఇప్పుడు గండి పోచమ్మ గుడి దగ్గర్నుంచి బయల్దేరతాయి. ఈమధ్య మా చుట్టాలతో నేనూ వెళ్ళాను. ఎక్కేటప్పుడు అందరికీ జాకెట్లు కట్టారు, తలలు లెక్కపెట్టారు. బాగానే ఉంది. అరగంట అయ్యేసరికి ఉక్కకి సగం మంది విప్పి కుర్చీ కింద పెట్టేశారు. మైకులో టిఫిను గురించి రెండుసార్లు, డాన్సు ప్రోగ్రాం గురించి మూడుసార్లు చెప్పారు. "అండీ, మీదీ ఇప్పేయండి, ఏం కాదు" అని పక్కాయన నాకూ సలహా ఇచ్చాడు. నేను విప్పలేదు. బోటు పేరు ఇక్కడ అనవసరం, చాలా బోట్లలో కథ ఇదేనని మా జూనియర్లు కూడా అంటున్నారు.

డబ్బు మాత్రం ఇటువైపు చూస్తోంది. 2023 జనవరిలో గంగా విలాస్ అనే నది ఓడ వారణాసి నుంచి దిబ్రూగఢ్‌కి 51 రోజుల ప్రయాణం మొదలుపెట్టింది, మొదటి ట్రిప్పులో ఎక్కినవాళ్ళు స్విట్జర్లాండ్ యాత్రికులు. అదే ఏడాది విశాఖ పోర్టులో క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు. దానికి ముందే, 2022 జూన్‌లో, విశాఖకి వచ్చిన కార్డీలియా ఎంప్రెస్ కూడా 1990లో ఫ్రాన్సులో కట్టిన ఓడే, పేర్లు మారుతూ మన తీరానికి చేరింది. గోదావరి మీద కూడా పెద్ద హౌస్‌బోట్లు అంటూ అప్పుడప్పుడూ పేపర్లో వస్తుంటుంది. నాకైతే అంతకంటే ముందు మైకు ఎవరి చేతిలో ఉంటుందన్నదే ముఖ్యం అనిపిస్తోంది. డాన్సు పాటకి ముందు అయిదు నిమిషాలు, జాకెట్ ఎలా బిగించుకోవాలి, బోటు ఒరిగితే ఏ వైపుకి పరిగెత్తకూడదు అని చెప్పడానికి హైడ్రాలిక్స్ అక్కర్లేదు.

ఫైనల్ ఇయర్ వాళ్ళు సంక్రాంతి తర్వాత పాపికొండలు ప్లాన్ చేస్తున్నారని గ్రూపులో చూశాను. బుక్ చేసేవాళ్ళు బోటుకి ఎంతమందికి అనుమతి ఉందో ముందే అడగండి, ఎక్కాక మీరే లెక్కపెట్టుకోండి. మైకు ఇమ్మంటే ఇస్తారు, పాటల కోసం ఎలాగూ అడుగుతారు కదా.