గాజుల చేతికి కొత్త కొలమానం

తమిళనాట గర్భిణికి రెండు చేతులనిండా గాజులు తొడిగే వేడుకను వళైకాప్పు అంటారు. విజయనగర, నాయకరాజుల కాలంలో దక్షిణానికి తరలివెళ్లి కోయంబత్తూరు, మదురై ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది పరాయి వేడుక కాదు; మన సీమంతంలోనూ గాజులు ఉండవలసినదే. ఇప్పుడు ఆ చేతికే గడియారంగానో ఉంగరంగానో మరొక వస్తువు చేరుతున్నది. ఒంటి వేడిని, నాడిని, నిద్రను రాత్రంతా కొలిచి సెల్‌ఫోనుకు పంపడం దాని పని. మన ఊళ్ల నుండి అటు ఆడబిడ్డలను ఇచ్చిన కుటుంబాలు దీని శక్తినీ పరిమితినీ తెలుసుకొనుట మంచిది.

అండం విడుదలైన తరువాత ప్రొజెస్టిరాన్ అనే హార్మోను పెరిగి, ఒంటి వేడి సుమారు 0.3 నుండి 0.5 డిగ్రీల సెల్సియస్ హెచ్చుతుంది. ఊరా ఉంగరం, 2022 నుండి వచ్చిన కొన్ని ఆపిల్ గడియారాలు పట్టుకొనేది ఈ స్వల్ప మార్పునే. చిక్కంతా ఇక్కడే ఉన్నది. అండం బ్రతికేది 12 నుండి 24 గంటలు మాత్రమే. పరికరం వేడిని గుర్తించేసరికి గర్భధారణకు అనువైన రోజులు దాదాపు గడిచిపోయి ఉంటాయి. కనుక అది గత నెలల లెక్కను బట్టి రాబోవు నెలను ఊహిస్తుంది. నెలసరి క్రమం తప్పినవారికి ఆ ఊహ తప్పవచ్చును. జ్వరం వచ్చినా, నిద్ర చెడినా కొలత చెదురుతుంది. కోయంబత్తూరు నూలుమిల్లులలో రాత్రి షిఫ్టు చేసే స్త్రీకి ఇది చిన్న విషయం కాదు. ఇటువంటి లెక్కను నమ్మి గర్భనిరోధక సాధనాలను వదలివేయుట ప్రమాదకరం.

మరొక మాట. ఉంగరం తొడిగేది స్త్రీ వేలికి; సంతానం కలగకపోతే నింద పడేదీ ఆమె మీదనే. పిల్లలు లేని జంటలలో సుమారు సగం సందర్భాలలో పురుషునిలోనూ కారణం ఉంటుందని వైద్యులు చెబుతారు. ఏడాది ప్రయత్నించినా, భార్యకు 35 ఏళ్లు దాటితే ఆరు నెలలు ప్రయత్నించినా ఫలితం లేనప్పుడు భర్తకు వీర్య పరీక్ష ముందుగానే చేయించవలెను. ఆ పరీక్షకు ఖర్చు తక్కువ. బిడియమే ఎక్కువ.

గర్భం నిలిచిన తరువాత సంగతి వేరు. మదురైకి చెందిన జియోవియో హెల్త్‌కేర్ సంస్థ 'సేవ్‌మామ్' పేరిట గర్భిణులు ఆభరణంలా ధరించగల పరికరాన్ని రూపొందించింది. 2016లో బంగ్లాదేశ్‌లో గ్రామీణ్ ఇంటెల్ సంస్థ తయారుచేసిన గాజు వంటింటి పొగలోని విషవాయువును పసిగట్టి హెచ్చరించేది. ఇంటర్నెట్ లేకుండానే స్థానిక భాషలో ఆరోగ్య సూచనలు పలికేది. పలికే గాజు అనే ఆలోచన ఈ పాత తెలుగు ఊళ్లకు ఎంతో తగినది. అక్కడ ఎందరో తెలుగు మాట్లాడగలరు గానీ చదవలేరు. బడిలో నేర్చినది తమిళం. తెర మీది ఇంగ్లీషు అక్షరాల కంటే చెవిని పడిన ఇంటిమాట వారికి మేలు.

అయితే గర్భిణికి ప్రాణాంతకమయ్యే రక్తపోటును గడియారం చూపే అంకెతో తేల్చరాదు. చేతికి పట్టీ కట్టి కొలిచే యంత్రమే ప్రమాణం. 140/90 గానీ అంతకు మించి గానీ ఉన్నా, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, రక్తస్రావం, బిడ్డ కదలిక తగ్గుట వంటివి కనిపించినా, ఫోను ఏమి చెబుతున్నదో చూస్తూ కూర్చోక 108కి ఫోను చేయవలెను.

తమిళనాడులో గర్భిణి పేరును గ్రామ ఆరోగ్య నర్సు పిక్మీ అనే ప్రభుత్వ నమోదులో చేర్చగా 12 అంకెల ఆర్‌సీహెచ్ సంఖ్య వస్తుంది. అక్కడ కాన్పయితే బిడ్డ జనన ధ్రువపత్రానికి ఆ సంఖ్య అడుగుతారు. పురిటికి పుట్టింటికి, అనగా సరిహద్దుకు ఇవతలికి, వచ్చే ఆడబిడ్డ ఆ సంఖ్యను, తల్లీబిడ్డల కార్డును, స్కానింగు రిపోర్టులను, రక్తపోటు కొలతలను కాగితాల మీదనే తెచ్చుకొనవలెను. కొత్త ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగేది వాటినే.