స్వీట్ జన్యువులు

మొక్క కణాల్లోంచి చక్కెరను బయటికి పంపే ప్రొటీన్ల కుటుంబమే 'స్వీట్'. శాస్త్రవేత్త వోల్ఫ్ ఫ్రోమర్ బృందం 2010లో దీన్ని వెల్లడించింది. వరిలో వీటి జన్యువులు 21. గింజ పాలు పోసుకోవాలంటే వీటిలో కొన్ని పనిచేయాల్సిందే.

ఆకు ఎండు తెగులు తెచ్చే బ్యాక్టీరియా ఇక్కడే దెబ్బకొడుతుంది. తన ప్రొటీన్‌ను వరి కణంలోకి పంపి, స్వీట్11 జన్యువు ముందుండే డీఎన్‌ఏ భాగానికి అతికించి, దాన్ని బలవంతంగా పనిచేయిస్తుంది. బయటికొచ్చిన చక్కెర దానికి తిండి. కొన్ని వరి రకాల్లో ఆ డీఎన్‌ఏ భాగం సహజంగానే మారిపోయింది. ప్రొటీన్‌కు పట్టు దొరకదు. బ్యాక్టీరియాకు మేత దొరకదు. అలా మారిన జన్యువు పేరే ఎక్స్‌ఏ13. ఎంత చిన్న తేడా, ఎంత పెద్ద రక్షణ!

హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన కేంద్రం, వరి పరిశోధన సంస్థ కలిసి రూపొందించగా 2008లో విడుదలైన 'మెరుగైన సాంబ మసూరి' వరి రకంలో ఎక్స్‌ఏ13తో పాటు మరో రెండు నిరోధక జన్యువులున్నాయి.