గాలి కంటే ఉప్పెనకే ఎందుకు భయపడాలి?

తుపాను అనగానే కూలిన చెట్లు, ఎగిరిపోయిన రేకులు గుర్తొస్తాయి. కానీ తీరంలో ఎక్కువ ప్రాణాలు తీసేది చాలాసార్లు గాలి కాదు, నీరు. పెనుగాలి సముద్రపు నీటిని గంటల తరబడి ఒడ్డు వైపు నెడుతుంది. లోతు ఉన్నచోట ఆ నీరు అడుగుకు జారి సర్దుకుంటుంది. ఒడ్డు దగ్గర ఆ వీలు లేక, పైకి పొంగి ఊళ్ల మీద పడుతుంది. అదే ఉప్పెన. 1977 నవంబరు 19న కృష్ణా తీరంలోని దివిసీమను ముంచింది ఇదే. దాదాపు 5 మీటర్ల ఎత్తున నీరు వచ్చింది, సుమారు 10,000 మంది చనిపోయారు. 1990 మేలోనూ పెను తుపాను కృష్ణా తీరాన్నే తాకింది. ఈసారి లక్ష మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. మృతులు వెయ్యి లోపే.

‘మాది పక్కా ఇల్లు, ఎందుకు కదలాలి?’ అంటారు కొందరు. గోడ గాలికి నిలవొచ్చు. కానీ ఘనపు మీటరు నీరు ఒక టన్ను బరువు, అది పరుగెత్తుతూ వస్తుంది. ‘పోయినసారీ హెచ్చరించారు, ఏమీ కాలేదుగా!’ అన్నదీ నిజమే కావచ్చు. తుపాను దారి మార్చుకోగలదు. అయితే ఊరికే వెళ్లొస్తే పోయేది ఒక రాత్రి నిద్ర, వెళ్లకపోతే పోయేది ప్రాణం. అందుకే తాగునీరు, మందులు, టార్చిలైటు, ముఖ్యమైన కాగితాలు ముందే సర్దుకోవాలి. పశువుల కట్లు విప్పి, రోడ్లు మునగక ముందే తుపాను షెల్టరుకు చేరాలి. మధ్యలో గాలి ఆగినా బయటికి రాకూడదు. అది తుపాను కన్ను కావచ్చు, కాసేపట్లో ఎదురు దిక్కు నుంచి మళ్లీ గాలి విరుచుకుపడుతుంది.